ఎర్ర గీత లోపల నా కుర్చీలు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: నాలుగు వందల ప్లాస్టిక్ కుర్చీలు, పెద్దమనుషుల కోసం మఖమల్ వేసిన సింహాసనాలు రెండు, షామియానాలు, వాటి గుంజలు, తాళ్లు, మేకులు, ఒక పొడుగాటి ఎర్ర తివాచీ, వంటకు గుండిగలు, గంగాళాలు, ఇవన్నీ మోసే మినీ లారీ ఒకటి, దాన్ని నడిపే దాలినాయుడు ఒకడు. వీటికి తోడు నా పేరు. గవర్రాజు సప్లయర్స్ అంటే అడిగిన రోజుకి, అడిగిన చోటికి, అడిగినన్ని వస్తాయని మా ఊళ్లో నమ్మకం. ఈ చివరిది గోడౌన్‌లో పెట్టి తాళం వేసే సరుకు కాదు గానీ మిగతా సరుకంతా దాని మీదే నిలబడి ఉంది.

అప్పులు లేవు. శత్రువులు ఇద్దరే, ఇద్దరూ టెంటు హౌసు వాళ్లే. మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. మొదటి ముహూర్తానికే రైసుమిల్లు జోగినాయుడు గారింట పెళ్లి. కొట్లో ఉన్న సరుకంతా ఆయనకే మాట ఇచ్చేశాను. ఇంత సుఖంగా ఉన్న మనిషిని ప్రభుత్వం వారు పిలిపించారు.

విషయం ఏమిటంటే, మా పారిశ్రామిక వాడ చివర పురుగుమందుల కంపెనీ ఒకటి మూతపడి చాలా ఏళ్లయింది. యజమానులు గేటుకి తాళం వేసుకుని, ఏ ఊరికో చెప్పకుండా వెళ్లిపోయారు. వెనక రేకుల షెడ్డులో నీలం రంగు డ్రమ్ములు ఉండిపోయాయి. వాటి లోపల ఏముందో ఎవరికీ తెలియదు. అది బయటికి వస్తోందని మాత్రం అందరికీ తెలుసు. పసుపుపచ్చగా కారి, మురుగుకాలవలో కలిసి, దిగువన ఉన్న ఇటికలబట్టీ కాలనీ బోరింగుల్లోకి దిగుతోంది. ఆ నీళ్లతో స్నానం చేసిన పిల్లలకి ఒళ్లంతా పొక్కులు. కాలనీ తరఫున గౌరమ్మ అనే ఆవిడ ఎక్కని ఆఫీసు లేదు. ప్రతి ఆఫీసులోనూ ఆవిడని ఒకటే మాట అడిగేవారు: "డ్రమ్ములు ఎవరివమ్మా?" తెలియదంటే, తెలుసుకుని రమ్మనేవారు.

చివరికి పై నుంచి డబ్బు వచ్చింది. డబ్బు వచ్చాక ప్రత్యేక విభాగం వచ్చింది. విభాగం వచ్చాక ప్రత్యేకాధికారి చక్రధర్ గారు వచ్చారు. ఆయన వచ్చాక ప్రారంభోత్సవం రాక తప్పదు కదా. అక్కడ నా అవసరం పడింది.

"చూడండి గవర్రాజు గారూ," అన్నారు చక్రధర్ గారు, నన్ను కూర్చోమనకుండా. "దీన్ని మామూలు సభ అనుకోకండి. విషరహిత ఆవరణ స్థాపన దిశగా ఈ జిల్లా వేస్తున్న తొలి అడుగు."

"అడుగు ఎంతమందిదండి?"

"నాలుగు వందలు. మంత్రిగారు వస్తున్నారు."

"కుర్చీలు సరిపోతాయండి. జోగినాయుడు గారి పెళ్లికి ముందే నాకు తిరిగి రావాలి, అంతే."

"సాయంత్రానికి పట్టుకుపోండి. కుర్చీలు మేమేం చేసుకుంటాం?" అన్నారాయన. ఆ మాట అన్నప్పుడు ఆయన మనసులో కల్మషం లేదని ఇప్పటికీ నా నమ్మకం.

వేదిక ఎక్కడ వెయ్యాలన్నది సూపరింటెండెంటు అవధాన్లు గారు నిర్ణయించారు. ఆయన ఆ శాఖకి కొత్త గానీ ఆఫీసులకి పాత. తూర్పు ముఖంగా ఉండాలని మంత్రిగారి పి.ఎ. మరీ మరీ చెప్పారట. తుప్పలు లేకుండా, తూర్పు చూసే జాగా ఆ ఆవరణంతటికీ ఒక్కటే ఉంది. సరిగ్గా డ్రమ్ముల షెడ్డు ముందు.

దాలినాయుడు ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాడు. "ఇదేటి బాబూ, ఈ గబ్బులోనా మంత్రిగోర్ని కూకోబెడతారు?"

"ఊదొత్తులు దండిగా తెప్పించాం," అన్నారు అవధాన్లు గారు. "పైగా వెనక షెడ్డు గోడ ఉంది కనక గాలి కొట్టదు."

ఆ గోడ అవతల కారుతున్నది చూసి దాలినాయుడు తివాచీని రెండడుగులు ఇవతలికి జరిపాడు. తూర్పు తప్పుతుందని అవధాన్లు గారు మళ్లీ అవతలికి జరిపించారు.

సభ రోజున అన్నీ సరిగా జరిగాయి, ఒక్క శిక్షకుడి రైలు తప్ప. ప్రమాదకరమైన చోట్ల ఎలా మసలుకోవాలో నేర్పడానికి హైదరాబాదు నుంచి ఒక కుర్ర శిక్షకుణ్ణి రప్పించారు. అతని రైలు ఆలస్యమై, మంత్రిగారు సింహాసనంలో కూర్చున్నాక దిగాడు. చేతిలో లావుపాటి పుస్తకం, భుజాన కొలతల టేపు. విషం ఉన్న చోటు నుంచి యాభై మీటర్ల వరకు ఎరుపు మండలం, ఆ తర్వాత కొంత దూరం పసుపు మండలం, ఆ పైన పచ్చ మండలం అని అతని పుస్తకంలో ఉంది. అతను షెడ్డు గోడకి టేపు ఒక కొస పెట్టి నడవడం మొదలుపెట్టాడు. వేదిక దాటాడు. సింహాసనాలు దాటాడు. కుర్చీల వరసలన్నీ దాటాడు. జనం చెప్పులు విడిచిన చోట ఆగి, ఎర్రముగ్గుతో గీత గీశాడు.

అతను వెనక్కి వచ్చాక చక్రధర్ గారు వేదిక మీద నుంచి కిందికి వంగారు. "ఆ గీత ఏమిటి?"

"ఎరుపు మండలం హద్దు సార్."

"మరి మేము?"

"లోపలున్నారు సార్."

"సభ అయ్యాక గియ్యకూడదా?"

"గీసేశాను కదా సార్."

గీత చెరిపే అధికారం ఎవరికి ఉందో ఎవరికీ తెలియలేదు. ఈలోగా మంత్రిగారు కొబ్బరికాయ కొట్టారు. ఎరుపు మండలంలో ఏమీ తినకూడదు, తాగకూడదు అని శిక్షకుడు మైకులో చదువుతుంటే, నాలుగు వందల మంది కొబ్బరిముక్కలు నములుతూ శ్రద్ధగా విన్నారు.

చిక్కు బయటికి వెళ్లే దగ్గర వచ్చింది. ఎరుపు మండలం నుంచి బయటపడే వాళ్లెవరైనా శుద్ధి వరుసలో నుంచే రావాలి. పసుపు మండలంలో సబ్బు నీళ్ల తొట్లు, బ్రష్షులు వరసగా పెట్టారు. తొట్లు కూడా నావే. మొదట కాళ్లు, తర్వాత చేతులు, తర్వాత పైబట్ట. మంత్రిగారు తొట్టి వైపు చూశారు. తర్వాత చక్రధర్ గారి వైపు చూశారు. ఆ చూపులో చక్రధర్ గారికి తన బదిలీ ఉత్తర్వు కనిపించింది.

ఆయన్ని ఆదుకున్నది అవధాన్లు గారు. "మంత్రిగారు కట్టింది పట్టు పంచె కదండీ. పట్టుకి మైల అంటదు. మా ఇంట్లో మడికి పట్టుబట్టే కడతాం. నూలు బట్టయితే తడిపి ఆరెయ్యాలి, పట్టుకి ఆ బాధ లేదు. తరతరాలుగా అనుభవంలో ఉన్న సూత్రం."

"నా పుస్తకంలో పట్టు గురించి లేదు సార్," అన్నాడు శిక్షకుడు.

"పట్టు పనికిరాదని ఉందా?" అడిగారు చక్రధర్ గారు.

శిక్షకుడు పేజీలు తిప్పాడు. "అలా కూడా లేదు సార్."

"అయితే పనికొచ్చినట్టే. రాసుకోండి. పట్టు వస్త్రధారులకు శుద్ధి నుంచి మినహాయింపు."

మంత్రిగారు గీత దాటి కారెక్కారు. ఆయనకి కప్పిన పట్టు శాలువాని చక్రధర్ గారు భుజాన వేసుకుని తానూ దాటారు. దాటాక శాలువాని వెనక్కి విసిరారు. అవధాన్లు గారు పట్టుకుని కప్పుకున్నారు. ఆయన తర్వాత ఇంజనీర్లు, వాళ్ల తర్వాత పత్రికల వాళ్లు, వాళ్ల తర్వాత హోదాని బట్టి మిగతా ఉద్యోగులు. ఒకే శాలువా గీత మీదుగా అటూ ఇటూ ఎగురుతూ కాసేపట్లో ఆఫీసునంతటినీ శుద్ధి చేసేసింది. నాకూ ఇమ్మని చెయ్యి చాపాను. అది గెజిటెడ్ శాలువా అన్నారు.

శాలువా అందని వాళ్లం తొట్ల దగ్గర మిగిలాం. నేను, దాలినాయుడు, కాలనీ జనం. మాకంటే ముందు డ్రైవర్లూ, బంట్రోతులూ కడుక్కున్న నీళ్లు అప్పటికే చింతపండు పులుసులా ఉన్నాయి.

గౌరమ్మ తొట్టిలోకి తొంగిచూసింది. "బాబూ, మేం వొచ్చినప్పుడు సుబ్బరంగానే ఉన్నాం. ఇందులో ముంచితే ఇంటికెల్లి మల్లా తానం సెయ్యాల. ఇంటికాడున్నవేమో ఆ డ్రమ్ముల నీల్లే."

"ముంచమ్మా, ముంచు," అన్నారు గీత అవతల నుంచి అవధాన్లు గారు. "శుద్ధి కాకుండా బయటికొస్తే మాకు మాట వస్తుంది."

మనుషులందరం బయటపడ్డాం. దాలినాయుడు లారీని వెనక్కి పెట్టి, పది కుర్చీల దొంతర ఒకటి ఎత్తాడో లేదో, శిక్షకుడు ఈల వేశాడు. "ఎరుపు మండలంలోకి వెళ్లిన వస్తువు పరీక్ష కాకుండా బయటికి రాకూడదు."

"ఎప్పుడవుతుందండి పరీక్ష?"

"శుద్ధి పూర్తయ్యాక," అన్నారు చక్రధర్ గారు.

"అంటే డ్రమ్ములు తీశాకా?"

"డ్రమ్ములు రెండో దశ. మొదటి దశలో మన దృష్టి అనుబంధ వస్తువుల మీద."

"అనుబంధ వస్తువులంటే?"

"మీ కుర్చీలు."

ఆ సాయంత్రం ఖాళీ లారీతో ఇంటికి వచ్చాం. ఫోను మోగింది. జోగినాయుడు గారు. "గవర్రాజూ, కుర్చీలు ఓ నలభై ఎక్కువ పట్రా. పెళ్లికొడుకు వాల్ల తరఫున జనం పెరిగీలా ఉన్నారు." అలాగేనండి అన్నాను. ముప్ఫై ఏళ్లుగా నా నోటికి మరో మాట అలవాటు లేదు.

మర్నాడు పొద్దున్నే ఆవరణకి వెళ్లాను. చక్రధర్ గారు నాకోసమే చూస్తున్నారు. ఎరుపు మండలంలో ఉన్న వస్తువులు వానకి తడవకుండా కప్పు కింద ఉంచాలని పుస్తకంలో ఉందట.

"ఇది మాఘం ముందు సార్. వాన ఎక్కడిది?"

"వాన రాకపోవచ్చు. తనిఖీ రావచ్చు. రెండు షామియానాలు పంపండి."

నేను లెక్క వేసుకున్నాను. కాదంటే ఉన్న కుర్చీలు పోతాయి. సరే అంటే ఇంకా పోతాయి, కానీ అద్దె నడుస్తుంది. మా వ్యాపారంలో సరుకు తిరిగి వచ్చేదాకా అద్దె ఆగదు, ప్రభుత్వమైనా సరే. పంపించాను. కుర్చీల మీద షామియానాలు లేచాయి. లేచాయి కనక అవి కూడా ఎరుపు మండలంలోని వస్తువులయ్యాయి. అయ్యాయి కనక వాటికి కప్పు కావాలి.

"గొడుగు మీన గొడుగేటి బాబూ?" అన్నాడు దాలినాయుడు, మా దగ్గరున్న అతి పెద్ద షామియానా మిగతా రెంటి మీదుగా కడుతూ. "రేపు దీని మీన ఆకాశం కట్టమంతారు."

"అడిగితే ఆకాశానికి అద్దె ఎంతో చెప్పు. ముందు తాడు లాగు."

కాపలాకి మనుషులు వచ్చారు. కూర్చోడానికి కుర్చీలు కావాలన్నారు. ఎరుపు మండలంలో నాలుగు వందల కుర్చీలు ఉన్నాయి కదా అంటే, అవి విషం అంటినవి, వాటిలో కూర్చోకూడదు అన్నారు. ఇంట్లో ఉన్నవి తెచ్చి ఇచ్చాను. వాళ్లు వాటిని నీడ కోసం షామియానా కిందికి జరుపుకున్నారు. ఆ కుర్చీలూ పోయాయి. కాపలావాళ్లు డ్యూటీ దిగేటప్పుడు కాళ్లు కడుక్కున్న నీళ్లు కాలవలో పొయ్యకూడదట, నిల్వ చెయ్యాలట. నా గుండిగల్లో, గంగాళాల్లో పట్టి మూతలు పెట్టారు. ఆ పక్కనే షెడ్డు నుంచి పసుపుపచ్చటి ధార కాలవలోకి హాయిగా కలుస్తూనే ఉంది. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. దానికి డ్యూటీ దిగడం లేదు.

తర్వాత కంచె పని మొదలైంది. షెడ్డు చుట్టూ ఉన్న పాత ముళ్లకంచెని ఊడబెరికి, తెచ్చి నా కుర్చీల చుట్టూ కడుతున్నారు. అప్పటికే గౌరమ్మ గేటు దగ్గర నిలబడి కేకలు వేస్తోంది.

"బాబూ! ఆ షెడ్డుకి కంచి తీసీసారేటి? పిల్లలు బంతాట ఆడుకుంతా ఆ డ్రమ్ముల మీనకి ఎక్కేత్తన్నారు. మేకలు ఆడనే మేత్తన్నాయి."

"కంచెకి మంజూరైన తీగ ఇంతేనమ్మా," అన్నారు చక్రధర్ గారు ఓర్పుగా. "ఉన్న తీగని అత్యవసరమైన చోట వినియోగించాలి. ఈ కుర్చీలకి యజమాని ఉన్నాడు. ఒక్కటి తగ్గినా రేపు అడుగుతాడు. ఆ డ్రమ్ముల్ని అడిగే నాథుడెవడు?"

"నాను అడగతన్నాను కాదేటి?"

"నువ్వు డ్రమ్ముల వల్ల బాధపడుతున్నావు. బాధితులు వేరు, హక్కుదారులు వేరు. కంచె తిరిగిన చోటే ఎరుపు మండలం కనక, ఇప్పుడు షెడ్డు ఎరుపు మండలం బయట ఉంది. మీ మేకలకి ఏ భయమూ లేదు."

గౌరమ్మ నావైపు తిరిగింది. "సావుకారు బాబూ, నీ కుర్సీలు సేసుకున్న పున్నెం మా పిల్లలు సేసుకోనేదు."

నేను కంచె సందులోంచి కుర్చీల దొంతరలు లెక్కపెట్టుకుంటున్నాను. జోగినాయుడు గారి పెళ్లి పందిరి వెయ్యాల్సిన రోజు దగ్గర పడుతోంది. ముందు నా కుర్చీలు బయటికి రావాలి.

చక్రధర్ గారి ఆఫీసుకి రోజూ వెళ్లడం మొదలుపెట్టాను. ఉత్త చేతులతో వెళ్లలేదు, ఒక సలహా పట్టుకుని వెళ్లాను. "సార్, ఎరుపు మండలం శుద్ధి అయిందో లేదో తేల్చాలంటే ఎక్కడో ఒక చోట నమూనా తియ్యాలి కదండీ. ఎరుపు మండలంలో ఉన్నవి నా కుర్చీలే. వాటి మీదే తియ్యండి."

ఆయన కళ్లు మెరిశాయి. ఆర్థిక సంవత్సరం ముగింపు ఆయనకీ దగ్గరగానే ఉంది. శిక్షకుణ్ణి పిలిపించారు. నేను దాలినాయుడికి సైగ చేశాను. వాడు సర్ఫు పొడి, కొబ్బరిపీచు పట్టుకుని శాలువా లేకుండానే కంచె దాటాడు. ప్లాస్టిక్ కుర్చీ కడగడంలో వాడికి ఉన్నంత అనుభవం ఏ విభాగానికీ లేదు. పెళ్లిభోజనాల పప్పు, పులుసు, తాంబూలం మరకలు వదిలించిన చేతులవి. శిక్షకుడు తెల్లటి దూది అద్ది, సీసాలో పెట్టి, పరీక్షకి పంపాడు. విషం ఛాయ కూడా లేదని ఫలితం వచ్చింది. సర్ఫు వాసన మాత్రం ఉందట.

"అభినందనలు!" అన్నారు చక్రధర్ గారు లేచి నిలబడి. "ఆవరణ శుద్ధి అయింది. మొదటి దశ విజయవంతం."

"డ్రమ్ములు కారుతూనే ఉన్నాయి సార్," అన్నాడు శిక్షకుడు. కుర్రాడు, ఇంకా పెళ్లి కూడా కాలేదు.

"ఎరుపు మండలంలోనా?"

"కాదు సార్, బయట."

"బయటిది మన పరిధి కాదు. మీ రైలు ఎన్ని గంటలకి?"

కుర్చీలు బయటికి పంపే పాసు అవధాన్లు గారు తయారుచేశారు. పెళ్లి మర్నాడే. లారీ గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. పాసు చదివాను. కుర్చీలు, సింహాసనాలు, షామియానాలు, తివాచీ వరసగా ఉన్నాయి. ఆ కింద "ద్రవాలు నిల్వ చేయు పాత్రలు" అని ఉంది. ఆ అంకె నా గుండిగలూ గంగాళాలూ కలిపినదానికి ఎంతో ఎక్కువ.

"అవధాన్లు గారూ, ఇన్ని పాత్రలు నావి కావండి."

"ఆవరణలో ఉన్న పాత్రలన్నీ లెక్కపెట్టాం. మీ గుండిగలు, షెడ్డులో డ్రమ్ములు. రెంటిలోనూ ద్రవమే ఉంది కదా."

"డ్రమ్ములు నావి కాదని ఊరందరికీ తెలుసు."

"తెలియడం వేరు, దాఖలా వేరు. ఈ ఆవరణని మేం స్వాధీనం చేసుకున్నాక లోపలికి సరుకు తెచ్చినవారు మీరొక్కరే. కాబట్టి లోపలున్న సరుకు మీది. మీది కాదంటే, మొత్తం పాసు ఆపి, ఏది ఎవరిదో విచారణ వెయ్యాలి. వెయ్యమంటారా?"

ఫోను మోగింది. జోగినాయుడు గారు. "ఏటి గవర్రాజూ, పందిరెక్కడ? ఇక్కడ మావోల్లంతా నిలబడున్నారు! ఆ సింగారం టెంటు హౌసోడు ఇక్కడిక్కడే తిరగతన్నాడు."

సింగారం నా ఇద్దరు శత్రువుల్లో పెద్దవాడు. నేను నిలబడ్డ చోటే లెక్క వేశాను. సంతకం పెట్టకపోతే ఇవాళే పేరు పోతుంది. పెడితే డ్రమ్ములు వస్తాయి, కానీ వాటిని తీసుకెళ్లమని ఎవరూ అనడం లేదు కదా, ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. చేతికొచ్చే కుర్చీలు నిజం, డ్రమ్ములు కాగితం. సంతకం పెట్టాను. అవధాన్లు గారు ఎంతో మర్యాదగా సిరా ఆరేదాకా ఊదారు.

పెళ్లికి పందిరి లేచింది. అక్కడ నేను ఊహించని లాభం ఒకటి కలిసొచ్చింది. విభాగం వాళ్లు ప్రతి కుర్చీ వెనకా "శుద్ధి చేయబడినది" అని ఎర్ర ముద్ర వేశారు. సర్ఫుకి కూడా పోలేదు. దాన్ని చూసి పాడైపోయాననుకున్నాను. కానీ పెళ్లికొడుకు మేనమామ కుర్చీ తిరగేసి చూసి, "ప్రభుత్వం ముద్ర ఉంది, చూశారా!" అని పదిమందికీ చూపించాడు. మర్నాటి నుంచి ఊళ్లో ముద్ర లేని కుర్చీలో కూర్చోడానికి మర్యాదస్తులు సంకోచించడం మొదలుపెట్టారు. వియ్యాలవారు ముందే షరతు పెట్టేవారు. ముద్ర కోసం సింగారం చక్రధర్ గారి ఆఫీసు చుట్టూ తిరిగాడు. కుర్చీలు ముందు ఎరుపు మండలంలోకి వెళ్తేనే శుద్ధి చెయ్యగలమని చెప్పి పంపేశారు. సింగారం తన కుర్చీలని లారీలో వేసుకుని వెళ్లి, విషం అంటించమని బతిమాలుకున్నాడని విన్నాను. నేనైతే ఆ ముహూర్తాలన్నిటికీ తీరిక లేకుండా తిరిగాను.

మాఘం ఇంకా ముగియకుండానే చక్రధర్ గారు మళ్లీ పిలిపించారు. ఈసారి కూర్చోమన్నారు. అది చూడగానే భయం వేసింది.

"పై నుంచి తనిఖీ వచ్చింది," అన్నారు. "షెడ్డులో డ్రమ్ములు కారుతున్నాయని గమనించారు."

"మంచిదండి. ఇప్పటికైనా."

"యజమాని ఎవరని అడిగారు. ఇన్నేళ్లుగా ఏ శాఖా చెప్పలేకపోయిన సమాధానం ఈ విభాగం క్షణంలో చెప్పింది." ఆయన పాసు నకలు నా ముందుకి జరిపారు. "గవర్రాజు గారూ, మీరే."

"సార్, నేను కుర్చీల వాణ్ణి."

"సంతకం మీదేనా?"

"నాదే."

"కాలుష్యానికి కారకుడైనవాడే ఖర్చు భరించాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం. కాబట్టి రెండో దశ మీ ఖర్చు. డ్రమ్ములు తరలించడానికి మీకు లైసెన్సు కావాలి. కాలుష్యకారకులకి లైసెన్సు ఇవ్వం. కాబట్టి తరలించకూడదు. తరలించనందుకు రోజువారీ జరిమానా ఉంటుంది. మీరు మాకు పాత సప్లయరు కనక జరిమానాని మీ అద్దె బకాయిలో మినహాయించుకుంటాం."

"బకాయి అయిపోయాక?"

"అప్పుడు మీరు ఇస్తారు." ఆయన బల్ల మీదుగా చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నారు. "రెండో దశ ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తారు. షామియానా మీరే వెయ్యాలి. ఉచితంగా. వేదిక మీద మీకూ కుర్చీ ఉంటుంది."

వీధిలోకి వచ్చి నిలబడ్డాను. దాలినాయుడు లారీ దగ్గర బీడీ కాలుస్తున్నాడు.

"ఏటన్నారు బాబూ?"

"డ్రమ్ములు మనవట."

వాడు బీడీ పారేశాడు. "అయితే ఇంక నాను బీడీ ముట్టించకూడదు బాబూ, మన సరుకంతా పేలిపోద్ది," అని నవ్వబోయి, నా మొహం చూసి ఆపేశాడు.

మర్నాడు పొద్దున్న కొట్టు తలుపు తియ్యగానే గౌరమ్మ కనిపించింది. ఆవిడ వెనక కాలనీ ఆడవాళ్లు, ఒక్కొక్కరి చంకన ఒక్కో బిందె. బిందెల నిండా పసుపుపచ్చటి నీళ్లు. ఆవిడ తన బిందెని నా గల్లాపెట్టె మీద పెట్టింది.

"ఇదేంటమ్మా?"

"నీ సరుకే, సావుకారు బాబూ. ఇన్నాల్లూ డ్రమ్ములు ఎవల్వీ అని అడిగీవోరు. తెల్దు అనీవోల్లం. నిన్న ఆపీసులో ఆలే నీ పేరు సెప్పీసినారు. మరి పరాయోల్ల సొత్తు మా బోరింగుల్లో ఉంచుకోడం తప్పు కాదేటి? తెచ్చి అప్పసెప్పేత్తన్నాం. రోజూ తెస్తాం."

"గౌరమ్మా, నీకు తెలుసు కదా, అవి నావి కావని."

"నాకు తెలుసు బాబూ." ఆవిడ గొంతులో కోపం లేదు. "నాకు తెలిసినవి సానా ఉన్నాయి. ఆపీసోలకి తెలిసింది ఇదొక్కటే. నీ మీన నాకు కచ్చేటి నేదు. కానీ ఇన్నేల్లకి అడగడానికి ఒక మడిసి దొరికినాడు. వొదుల్తానేటి?"

మిగతా ఆడవాళ్లు లోపలికి వచ్చి, ముద్ర వేసిన నా కుర్చీల మీద ఒక్కో బిందె కూర్చోబెట్టారు. లోపల చోటు చాలక కుర్చీల వరస వీధిలోకి సాగింది. ముహూర్తానికి కుర్చీలు అడగడానికి వచ్చిన పెద్దమనిషి ఆ వాసనకి గుమ్మంలోనే తిరిగి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లింది సింగారం కొట్టు వైపు.

నేను లెక్క వేశాను. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. "నాయుడూ! లారీ తియ్యి. మునిసిపాలిటీ ట్యాంకు దగ్గర మంచినీళ్లు నింపు. ఎన్ని గంగాళాలు ఉంటే అన్నీ, బాగా తోమి. పొద్దున్నే కాలనీకి వెళ్లి పోసి రావాలి. రోజూ."

"రోజూనా బాబూ?"

"రోజూ. కొట్టు ముందు బిందెలు పెడితే పోయేదానికంటే డీజిలు చవక."

గౌరమ్మ బిందెలు తీయించింది. నీళ్లు రాని రోజున మళ్లీ వస్తానని కూడా చెప్పింది. మాటకి కట్టుబడే మనిషి. ఒకసారి లారీ టైరు పంక్చరైన రోజున వచ్చింది కూడా.

ఇదంతా అయ్యాక మొత్తం లెక్క ఇలా తేలింది. చక్రధర్ గారు ఏళ్ల తరబడి దొరకని యజమానిని పట్టుకున్నందుకు పై హోదాకి వెళ్లారు. అవధాన్లు గారికి పట్టు శాలువా మిగిలింది. ఆయన రిటైరు కావలసినవారు, పట్టు మీద మార్గదర్శకాలు రాయడానికి కొనసాగిస్తున్నారు. మంత్రిగారికి రెండో ప్రారంభోత్సవం జరిగింది. కాలనీకి రోజూ పొద్దున్నే మంచినీళ్లు వస్తున్నాయి, పిల్లల ఒంటి మీద పొక్కులు ఎండుతున్నాయి. ఇంత పథకంలో నిజంగా జరిగిన మేలు అదొక్కటే, అది పథకంలో లేదు. నాకు ముద్ర వేసిన కుర్చీలు, తీరిక లేని గిరాకీ, తీరని జరిమానా, ఒక షెడ్డు నిండా విషం.

డ్రమ్ములు మాత్రం కారుతూనే ఉన్నాయి. అవి పరాయివిగా ఉన్నన్నాళ్లూ అటు వెళ్తే నాకు కంపు కొట్టేది. ఇప్పుడు అంత సరుకు నష్టపోతున్నానని ప్రాణం ఉసూరుమంటోంది.